తుపాకి మీది దూరదర్శిని: వెలకు తగిన విలువ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వాయవ్యపు అంచున ఆరెగాన్ అను రాష్ట్రము కలదు. పసిఫిక్ సముద్రము మీదినుండి వీచు తేమగాలి వలన అచటి పడమటి అడవులు చలికాలమంతయు వానతోను పొగమంచుతోను నిండియుండును. ఆ రాష్ట్రములోని పోర్ట్‌లండ్ నగరమున భూమిని కొలుచుటకును, నదుల నీటిమట్టమును కొలుచుటకును పనిముట్లు చేయు సంస్థ యొకటి యుండెను. ఆ సంస్థకు చెందిన మార్కస్ లూపోల్డ్ ఒకనాడు వేటకు పోయి, జింకను చూచి తుపాకి ఎత్తి, దానిపై బిగించిన దూరదర్శినిలోనికి చూడగా, లోపలి కటకములకు ఆవిరి పట్టి, జింకకు బదులు తెల్లని మసక మాత్రమే కనబడెనని ఆ సంస్థవారు చెప్పుదురు. జింక పోయినది గాని, ఆలోచన మిగిలినది. 1947లో ఆ సంస్థ, లోపలి గాలిని తీసివేసి పొడి నత్రజనిని నింపి, గట్టిగా మూసిన దూరదర్శినిని అమ్మకమునకు తెచ్చెను. తేమ లేనిచోట ఆవిరి పట్టదు గదా!

ఈ కథలో కొనుగోలుదారునకు ఒక పాఠము కలదు. ఆ దూరదర్శిని వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపగలిగినదో ఆ ఉదయమున ఎవరికిని అక్కరలేకపోయినది. అక్కరకు వచ్చు గుణము వేరు, అంగడిలో ఆకర్షించు గుణము వేరు. ఈ రెంటికి గల భేదమును గ్రహించుటకు హైస్కూలులో చదివిన కాంతిశాస్త్రము చాలును.

చట్టబద్ధమైన వేట నేటికిని సాగుచున్న అమెరికా, జర్మనీ మొదలగు దేశములలో ఇది డబ్బుకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. పూర్తిగా గురి తప్పిన గుండు మట్టిలో పడును. దానివలన జంతువునకు హాని లేదు. సగము తప్పిన గుండు జంతువును గాయపరచును. అది పొదలలోనికి పోయి, రోజుల తరబడి బాధపడి చచ్చును. గుండెయు ఊపిరితిత్తులును ఉండు భాగము జింకలో సుమారు 20 నుండి 25 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. గుండు అందులో తగిలిన ప్రాణము త్వరగా పోవును. కావున మంచి వేటగాడు దూరదర్శినిని కొనునపుడు జంతువు బాధను తగ్గించు సాధనమును కొనుచున్నాడు.

దూరదర్శిని చేయు పని

దూరదర్శిని లేని తుపాకికి గొట్టము చివర ఒక గురుతు, వెనుక ఒక గాడి ఉండును. వెనుక గాడి, ముందు గురుతు, దూరపు లక్ష్యము - ఈ మూడును ఒకే వరుసలో కనబడవలెను. కాని కన్ను ఒక సమయమున ఒక దూరమును మాత్రమే స్పష్టముగా చూడగలదు. గురుతును చూచిన లక్ష్యము మసకబారును. లక్ష్యమును చూచిన గురుతు మసకబారును. నలువది ఏండ్లు దాటి, కంటిలోని కటకము బిగుసుకొనిన కొలది ఈ చిక్కు పెరుగును.

1611లో కెప్లర్ వర్ణించిన దూరదర్శినిలో ఈ చిక్కునకు పరిష్కారము కలదు. ముందుండు వస్తు కటకము దూరపు వస్తువు యొక్క ప్రతిబింబమును గొట్టము లోపల ఒక తలముపై ఏర్పరచును. దానినే నాభీయ తలమందురు. ఆ తలములోనే సన్నని అడ్డుతీగలను అమర్చినచో, ప్రతిబింబము, అడ్డుతీగలు ఒకే చోటనుండును. అక్షి కటకము రెంటిని కలిపి పెద్దవిగా చూపును. కన్ను మూడు దూరముల మధ్య పరుగెత్తవలసిన పని తప్పినది. అందువలన దూరదర్శిని యొక్క మొదటి ప్రయోజనము పెద్దదిగా చూపుటకన్న, అన్నిటిని ఒకే తలమున చూపుటయే. కెప్లర్ దూరదర్శినిలో ప్రతిబింబము తలక్రిందులుగా ఉండును. చుక్కలను చూచువారికి దానితో నష్టము లేదు గాని వేటగానికి అది పనికిరాదు. కావున మధ్యలో మరికొన్ని కటకములను పెట్టి దానిని తిరిగి నిలువుగా చేయుదురు.

ఎన్ని రెట్లు?

దూరదర్శినిపై 4×32 అని వ్రాసియున్నచో, మొదటి అంకె ఆవర్ధనము. అనగా వస్తువు నాలుగు రెట్లు దగ్గరగా ఉన్నట్లు కనబడును. రెండవది వస్తు కటకపు వ్యాసము, మిల్లీమీటర్లలో. 3-9×40 అనగా ఆవర్ధనమును మూడు నుండి తొమ్మిది రెట్ల వరకు మార్చుకొనవచ్చునని అర్థము. అమెరికాలో జింకల వేటకు మిక్కిలి వాడుకలో ఉన్నది ఇదియే.

200 గజముల దూరమున నిలిచిన జింక, నాలుగు రెట్ల ఆవర్ధనముతో 50 గజముల దూరమున ఉన్నట్లు కనబడును. ఆ దూరమున 20 సెంటీమీటర్ల వెడల్పు గల భాగమును గుర్తించుటకు ఏ కంటికిని కష్టము లేదు. పండ్రెండు, పదునారు రెట్లు చూపునవి వేటకు చాలవరకు అనవసరము. పైగా ఆవర్ధనము పెరిగిన కొలది మూడు నష్టములు వచ్చును. మొదటిది, దృష్టిలో పడు ప్రదేశము తగ్గును: 100 గజముల దూరమున మూడు రెట్ల వద్ద సుమారు 33 అడుగుల వెడల్పు కనబడిన చోట, తొమ్మిది రెట్ల వద్ద 14 అడుగులు మాత్రమే కనబడును. పొదల నడుమ కదలు జింకను ఆ ఇరుకు కిటికీలో వెదకి పట్టుట కష్టము. రెండవది, చేతుల వణుకు కూడ అన్ని రెట్లు పెద్దదిగా కనబడి మనస్సును కలవరపరచును. మూడవది కాంతికి సంబంధించినది.

కాంతి లెక్క

వస్తు కటకములో ప్రవేశించిన కాంతి సన్నని పుంజముగా మారి అక్షి కటకము నుండి వెలువడును. ఆ పుంజపు వ్యాసమును కనుగొనుట సులభము: వస్తు కటకపు వ్యాసమును ఆవర్ధనముతో భాగింపవలెను. 4×32 దూరదర్శినిలో అది 8 మిల్లీమీటర్లు. 3-9×40లో మూడు రెట్ల వద్ద 13 మిల్లీమీటర్లకు పైగాను, తొమ్మిది రెట్ల వద్ద 4.4 మిల్లీమీటర్లుగాను ఉండును. పండ్రెండు రెట్లు చూపు 40 మిల్లీమీటర్ల దానిలో 3.3 మిల్లీమీటర్లు మాత్రమే.

ఈ పుంజమును అందుకొనునది కనుపాప. పట్టపగలు కనుపాప 2, 3 మిల్లీమీటర్లకు ముడుచుకొనును. చీకటిలో యౌవనవంతుల కనుపాప 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకొనును. అరువది ఏండ్లవారిలో చాలమందికి అది 5 మిల్లీమీటర్లు దాటదు. కనుపాప కన్న పుంజము వెడల్పైనచో అదనపు కాంతి కనుపాప చుట్టు పడి వృథాయగును. పుంజము కనుపాప కన్న సన్ననిదైనచో దృశ్యము మసకబారును.

జింకలు తెల్లవారుజామునను, సాయం సంధ్యలోను మేతకు వచ్చును. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో సూర్యోదయమునకు అరగంట ముందు నుండి సూర్యాస్తమయమైన అరగంట వరకు వేటకు అనుమతి కలదు. జర్మనీలో ఈ వ్యవధి గంటన్నర. అడవిపందికి ఈ రాత్రి నిషేధము కూడ వర్తింపదు. అందుచేత జర్మన్ వేటగాడు మంచెపై కూర్చుండి 8×56 దూరదర్శినిని వాడుట సబబు. దాని పుంజము సరిగా 7 మిల్లీమీటర్లు. కాని అదే దూరదర్శినిని పగటిపూట కొండలలో నడచుచు వేటాడువాడు కొన్నచో, బరువును, వెలను మాత్రమే మోసినవాడగును. అరువది ఏండ్ల వేటగానికి ఆ పెద్ద కటకపు కాంతిలో సగభాగమే కంటిలోనికి పోవును. ఏలయన 5 యొక్క వర్గము 25, 7 యొక్క వర్గము 49. కావున కొనువాడు మొదట తన వయస్సును, తాను వేటాడు వేళను ఆలోచింపవలెను.

ఇచట ఒక అపోహను తొలగింపవలసియున్నది. గొట్టము ఒక అంగుళము లావు గలది, 30 మిల్లీమీటర్ల లావు గలది అని రెండు రకములు అమ్మబడుచున్నవి. లావు గొట్టము ఎక్కువ కాంతిని తెచ్చునని పలువురు నమ్ముదురు. కాంతిని నిర్ణయించునది వస్తు కటకము, ఆవర్ధనము, పూతలు మాత్రమే. లావు గొట్టము వలన ముఖ్యముగా కలుగు లాభము, లోపలి అమరికను ఎక్కువ దూరము జరుపుకొను వీలు.

పూతల మహిమ

గాజు ఉపరితలముపై పడిన కాంతిలో సుమారు నూటికి నాలుగు వంతులు పరావర్తనము చెంది వెనుకకు పోవును. ఇది కొంచెమే గదా అని తోచును. కాని దూరదర్శినిలో ఆరు కటకములున్నచో పండ్రెండు ఉపరితలములుండును. ప్రతి చోట 96 వంతులు మాత్రమే మిగులుచు పోయిన, చివరకు కంటికి చేరునది నూటికి 61 వంతులు. పోయిన కాంతి ఊరకుండదు. గొట్టములో అటునిటు తిరిగి, దృశ్యముపై పలుచని తెల్లని తెరను పరచును.

1935లో జర్మనీలోని జైస్ సంస్థలో పనిచేయుచున్న అలెగ్జాండర్ స్మాకులా దీనికి విరుగుడు కనుగొనెను. గాజుపై కాంతి తరంగ దైర్ఘ్యములో నాల్గవ వంతు మందముగల పారదర్శకపు పొరను పూసినచో, పొర పైభాగము నుండియు, క్రిందిభాగము నుండియు వెనుదిరుగు తరంగములు ఒకదానినొకటి రద్దు చేసికొనును. మెగ్నీషియం ఫ్లోరైడు పొర ఒక్కటి వేసిన, నష్టము ప్రతి ఉపరితలమున నూటికి ఒకటిన్నరకు తగ్గును. పండ్రెండు ఉపరితలముల తరువాత 83 వంతులు మిగులును. పెక్కు పొరలు వేసి నష్టమును అరవంతుకు తగ్గించినచో 94 వంతులు మిగులును.

వెలకు, విలువకు గల సంబంధము ఇచట స్పష్టముగా కనబడును. 61 నుండి 83కు పోవుట పెద్ద మేలు. 83 నుండి 94కు పోవుట మంచి మేలు. ఆపైన ఎంత డబ్బు పోసినను మిగిలినవి ఆరు వంతులు మాత్రమే. అంత చిన్న భేదమును కన్ను గుర్తింపజాలదు. అన్ని కటకములకు, అన్ని వైపుల పెక్కు పొరల పూత కలదా లేక కొన్నిటికి మాత్రమే కలదా అని అడిగి తెలిసికొనవలెను. పూత కలదను మాట ఒక్కదానిని నమ్మరాదు. ఒక ఉపరితలమునకు పూసినను ఆ మాట అబద్ధము కాదు.

కంటి ఎడము

తుపాకి పేలినపుడు గుండు ముందుకు పోవును, తుపాకి వెనుకకు తన్నును. ఇది న్యూటన్ మూడవ సూత్రము. దూరదర్శిని తుపాకితోపాటు వెనుకకు వచ్చును గనుక, అక్షి కటకమునకు కంటికి మధ్య తగిన ఎడముండవలెను. సూక్ష్మదర్శినికి వలె కన్ను ఆనించి చూచినచో లోహపు అంచు కనుబొమను చీల్చును. పెద్ద తుపాకులకు ఈ ఎడము మూడున్నర నుండి నాలుగు అంగుళముల వరకు ఉండుట మేలు. ఆవర్ధనమును మార్చునపుడు కొన్నిటిలో ఈ ఎడము కూడ తగ్గును. కావున ఎక్కువ ఆవర్ధనము వద్ద కూడ పరీక్షింపవలెను.

దృష్టి విక్షేపము

నడచు బండిలోనుండి చూచునపుడు దగ్గరి చెట్లు దూరపు కొండపై వెనుకకు జరుగుచున్నట్లు కనబడును. చూచు స్థానము మారినపుడు వేరువేరు దూరముల వస్తువుల మధ్య కలుగు ఈ స్థానభేదమే దృష్టి విక్షేపము. దూరదర్శినిలో ప్రతిబింబము సరిగా అడ్డుతీగల తలముపై పడనిచో, కన్ను కొంచెము ప్రక్కకు జరిగినంతనే అడ్డుతీగలు లక్ష్యముపై జరిగినట్లు కనబడును. వేట దూరదర్శినులను సాధారణముగా 100 గజములకో, 100 మీటర్లకో సరిచేసి పంపుదురు.

ఇతర దూరములలో దోషమెంత? 40 మిల్లీమీటర్ల కటకముగల దానిని 100 గజములకు సరిచేసియుండగా, 200 గజముల వద్ద కన్ను పూర్తిగా అంచునకు జరిగినను దోషము సుమారు 2 సెంటీమీటర్లే. 20 సెంటీమీటర్ల లక్ష్యమునకు ఇది లెక్కింపదగినది కాదు. కావున దీనిని సరిచేయుటకు ప్రత్యేకపు మర అమర్చిన ఖరీదైన దూరదర్శిని, మిక్కిలి దూరమున చిన్న లక్ష్యములను కొట్టువారికి తప్ప సామాన్య వేటగానికి అక్కరలేదు.

నిలకడ

గాజు ఎంత మంచిదైనను, లోపలి అమరిక ప్రతి దెబ్బకు కదలినచో ఆ దూరదర్శిని వ్యర్థము. గురిని సరిచేయుటకు దానిపై రెండు మరలుండును: ఒకటి పైకి క్రిందికి, రెండవది కుడియెడమలకు. మరను త్రిప్పినపుడు టక్కుమను ప్రతి మెట్టుకు గురి ఒక నిర్దిష్ట కోణము జరుగును. డిగ్రీలో 60వ వంతును నిమిషమందురు. 100 గజముల దూరమున ఒక నిమిషము ఒక అంగుళమునకు రవంత ఎక్కువ. సాధారణముగా ఒక మెట్టు నిమిషములో నాల్గవ వంతు. అనగా 100 గజముల వద్ద సుమారు పావు అంగుళము. మీటర్లను వాడు దేశములలో ఒక మెట్టుకు 100 మీటర్ల వద్ద ఒక సెంటీమీటరు జరుగునవి వాడుకలో కలవు.

ఈ మరల నిజాయితీని పరీక్షించుటకు చవుకైన పద్ధతి కలదు. తుపాకిని సంచులపై స్థిరముగా నిలిపి, 100 గజముల దూరమున కాగితముపై ఒక గుండు కొట్టవలెను. తరువాత మరను 20 మెట్లు కుడికి, 20 క్రిందికి, 20 ఎడమకు, 20 పైకి వరుసగా త్రిప్పుచు, ప్రతిసారి అదే బిందువునకు గురిపెట్టి కొట్టవలెను. గుండ్లు ఐదు అంగుళముల చతురస్రమును గీయవలెను. చివరి గుండు మొదటి రంధ్రము వద్దకే తిరిగి రావలెను. తుపాకికి సహజమైన కొద్దిపాటి చెదరుదలను మించి తేడా వచ్చినచో, ఆ దూరదర్శినిని తిరిగి ఇచ్చివేయుట మంచిది.

దూరదర్శినిని తుపాకికి బిగించు వలయముల విషయమున పిసినారితనము పనికిరాదు. రెండు వలయముల మధ్య దూరము 100 మిల్లీమీటర్లనుకొందము. ఒక వలయము మిల్లీమీటరులో పదవ వంతు, అనగా ఇంచుమించు ఒక కాగితపు మందము కదలినది. నిష్పత్తి వెయ్యింట ఒకటి. 100 మీటర్ల వద్ద గురి 10 సెంటీమీటర్లు తప్పును. 200 మీటర్ల వద్ద 20 సెంటీమీటర్లు తప్పి, గుండు ప్రాణస్థానమును విడచి కడుపులోనో కాలిలోనో తగులును. గాయపడిన జింక పొదలలో చచ్చుటకు ఒక కాగితపు మందము చాలును.

అంగడిలో చూచుట

అంగడిలోని దీపముల వెలుగులో ప్రతి దూరదర్శినియు చక్కగానే కనబడును. సాయంకాలము అంగడివాని అనుమతితో, తుపాకికి బిగింపని దూరదర్శినిని వాకిటికి తెచ్చి, నీడలోనున్న చెట్టు కొమ్మలను చూడవలెను. నడుమనే కాక అంచులలో కూడ కొమ్మలు స్పష్టముగా ఉన్నవా? ఆకుల అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ రంగులు కనబడుచున్నవా? మసక వెలుగులో అడ్డుతీగలు మాయమగుచున్నవా? 1962లో లూపోల్డ్ సంస్థ ప్రవేశపెట్టిన అడ్డుతీగలు అంచులలో లావుగాను నడుమ సన్నగాను ఉండి, చీకటిలో కన్నును నడుమకు నడిపించును. నేడు ఈ రూపము సర్వసామాన్యమైనది. అయితే దేనితోను సూర్యుని వైపు చూడరాదు. క్షణములో కన్ను చెడును.

మరియొక నియమము ప్రాణములకు సంబంధించినది. తుపాకికి బిగించిన దూరదర్శినితో అడవిని వెదకరాదు. అందులోనికి చూచిన ప్రతిసారి తుపాకి గొట్టము కూడ అటే తిరుగును. పొదలో కదలినది మనిషియే కావచ్చును. వెదకుటకు చేతి బైనాక్యులరు, కొట్టుటకు మాత్రమే దూరదర్శిని. కావున డబ్బంతయు దూరదర్శినిపై పోయక, బైనాక్యులరుకు కొంత మిగుల్చుకొనుట కూడ మంచి బేరములో భాగమే.

వెల ఎంత తగును?

1930లో అమెరికాలో విలియం వీవర్ అను యువకుడు చిన్న దూరదర్శిని నొకదానిని తయారుచేసి, బిగించు సామగ్రితో కలిపి 19 డాలర్లకు అమ్మెను. దాని ఆవర్ధనము మూడు రెట్లకు లోపే. అంతవరకు దూరదర్శిని ధనికుల వస్తువు. ఆ తరువాత అది రైతుల చేతికి, కూలీల చేతికి వచ్చినది. అవసరమైన గుణములను ఉంచి అలంకారములను విడిచిపెట్టుటయే చవుక వస్తువు మంచి వస్తువగుటకు మార్గమని వీవర్ చూపెను.

కొనువాడు గుణములను ఈ వరుసలో పెట్టుకొనుట మేలు: మొదట మరల నిలకడ, గట్టి వలయములు, రెండవది తేమ చొరని నత్రజని నింపుడు, మూడవది పూర్తి పూతలు, నాల్గవది తగిన కంటి ఎడము, చివరిది ఆవర్ధనము. అంగడి ప్రకటనలు ఈ వరుసను తలక్రిందులు చేసి చూపును. ఒకే వెలలో 4-16×50 ఒకటి, 3-9×40 ఒకటి ఉన్నచో, రెండవదే మంచిదగుటకు అవకాశము ఎక్కువ. పెద్ద గాజునకు, విస్తారమగు ఆవర్ధనమునకు పోయిన డబ్బును తయారుదారు మరెక్కడనో మిగిల్చియుండును. ఆ మిగులు తరచుగా కంటికి కనబడని మరలలో దొరకును. ఆవర్ధనము మారని 4×32, 6×42 దూరదర్శినులలో కదలు భాగములు తక్కువ; చెడు అవకాశమును తక్కువ.

భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని 1991 సవరణల తరువాత, వినోదమునకై వన్యమృగములను వేటాడుట నిషిద్ధము. మన దేశమున తుపాకి కీర్తి తెచ్చినది క్రీడారంగమునందే. 2008లో బీజింగ్ ఒలింపిక్సులో అభినవ్ బింద్రా స్వర్ణపతకమును, 2012లో లండనులో హైదరాబాదునకు చెందిన గగన్ నారంగ్ కాంస్యపతకమును పొందినది 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలలో. ఆ పోటీలో దూరదర్శినికి అనుమతి లేదు. చిన్న రంధ్రము గుండా చూచియే గురిపెట్టవలెను.

అయినను పై లెక్కలు తెలుగు పాఠకునకు అక్కరకు రాకపోవు. కొల్లేటిలోనో, నేలపట్టులోనో గూడబాతులను చూడగోరి 8×42 బైనాక్యులరును కొనువాడు, 42ను 8తో భాగించి 5 మిల్లీమీటర్లకు పైగా వచ్చుట చూచి, తెల్లవారుజామున కూడ అది పనికివచ్చునని తెలిసికొనగలడు. నత్రజని నింపినదా, పూతలు పూర్తిగా ఉన్నవా అని అడుగగలడు. అచట గురిపెట్టుటకు తుపాకి లేదు. ప్రాణము తీయవలసిన పనియు లేదు.